దూడక్కూడా నీళ్లు ఆపరు

చిరంజీవి సౌభాగ్యవతి అమ్మడికి, ముమ్మిడివరం నుంచి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయు లేఖ. ఇక్కడ మేమందరమూ క్షేమం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, పిల్లలిద్దరూ క్షేమమని తలుస్తాను.

వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి నువ్వు తిరిగి ఉద్యోగంలో చేరుతున్నావని, ఏడు నెలల చంటిదాన్ని, మూడున్నరేళ్ల పెద్దవాణ్ణి ఆఫీసు క్రెష్‌లో ఉంచబోతున్నావని, మోకాళ్ల ఆపరేషను కారణంగా తాను తోడు రాలేకపోతున్నానని మీ అమ్మ నిన్న రాత్రి ఫోనులో చెప్పింది. దాని గొంతులో దిగులే వినిపించింది గాని నాకు ముందుగా గర్వమే కలిగింది. పిల్లలు పుట్టాక బడి మానెయ్యమని నాకు సలహా చెప్పినవారిలో మీ అమ్మ కూడా ఉన్నది. ఆ మాట దానికి గుర్తు లేదు, నాకు ఉన్నది. ప్రసూతి సెలవు చట్టానికి 2017లో చేసిన సవరణ పుణ్యమా అని నీకు ఇరవయ్యారు వారాల సెలవు దొరికింది. యాభై మందికి తక్కువ కాని ఉద్యోగులున్న చోట క్రెష్ ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చని కూడా చట్టం చెబుతున్నది. ఆ నాలుగుసార్లూ వెళ్లు. మీటింగులో ఎవరేమనుకుంటారోనని మొహమాటపడి ఒక్కసారి కూడా మానుకోవద్దు.

అయితే ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. నువ్వు రాత్రి ఎనిమిదింటికి తిని, మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటి వరకు మంచినీళ్లు, కాఫీ తప్ప ఏమీ ముట్టడం లేదని, కాన్పు ఒళ్లు తగ్గించుకోవడానికి ఏదో ఫోనులో చూసి మొదలుపెట్టావని మీ అమ్మ ఏమీ పట్టనట్టుగా చెప్పింది. రాత్రంతా నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం దాని కోసమే రాస్తున్నాను. మిగిలినవన్నీ దారిలో తగిలే సంగతులు.

ముందు ఆ దారి సంగతులు ముగిస్తాను. చేతులు కడుక్కోవడం, నీళ్లు కాచి చల్లార్చడం నీకు ఒకరు చెప్పనక్కరలేదు. చంటిదానికి తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా, విటమిన్ ఏ చుక్కలు వేయించాలి. ఉద్యోగం హడావుడిలో ఆ తేదీ దాటిపోనివ్వకు. ఏడాది నిండేదాకా తేనె నాకించవద్దు, మా కాలంలో మేము నాకించినా సరే. వేరుశనగ గింజలు, శనగలు పెద్దవాడి చేతికి ఇవ్వకు, వాడు చెల్లెలి నోట్లో పెడతాడు. ఆదివారం పిండి రుబ్బి పెట్టుకుంటే మూడు పొద్దుల ఫలహారం గడుస్తుంది. అల్లుడుగారికి వంట వచ్చు. రాదని నువ్వే అనుకుంటున్నావు.

ఉగ్గు విషయంలో మాత్రం రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. పెద్దవాడికి నువ్వు పప్పు మీది తేట పట్టి, వాడు గిన్నెడు తాగాడని సంతోషించేదానివి. నేను అప్పుడు చూసి కూడా ఊరుకున్నాను, కోడలి వంటింట్లో నోరెత్తడం మీ అత్తగారికి బాగుండదని. తేట కడుపు నింపుతుంది గాని ఒంటికి పట్టదు. దోరగా వేయించిన బియ్యం, పెసరపప్పు రవ్వగా విసిరి, మెత్తగా ఉడికించి, అర చెంచా నెయ్యి వేసి, చెంచా వంచితే జారిపోకుండా నిలిచేంత చిక్కగా పెట్టు. ఒకపూట అందులోనే ఉడికించి మెదిపిన మునగాకు, ఒకపూట గుడ్డు, ఒకపూట బాగా మాగిన అమృతపాణి అరటిపండు. నీ పాలు మాత్రం మానిపించకు; రెండేళ్లు నిండేవరకు తాగినా మంచిదే.

ఇక అసలు సంగతి. ఇది మీ పెద్దన్నయ్యకు తెలుసు, మీ పెదనాన్నగారికి సగం తెలుసు, నీకు ఎవరూ చెప్పి ఉండరు.

1981వ సంవత్సరం, మే నెల. వాడికి అప్పటికి పదకొండు నెలలు. మీ పెదనాన్నగారు పరీక్ష పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్లారు, మా అత్తగారు కాశీయాత్రలో ఉన్నారు. కనుక జరిగినదానికి పెద్దవాళ్ల చాదస్తం అని చెప్పుకొనే వీలు నాకు లేదు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే, అందులోనూ హైస్కూలులో జీవశాస్త్రం చెప్పే పంతులమ్మను. తెల్లవారుజామున వాడికి విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దెక్కేసరికి ఏడెనిమిది అయ్యాయి. పాలు పట్టిన వెంటనే మళ్లీ అయ్యేసరికి, లోపలికి పోయినదే బయటికి వస్తున్నదని, ఏమీ పోయకపోతే అవే కట్టుకుంటాయని నాకు తోచింది. లంఖణం పరమౌషధం అని మా నాన్నగారు జ్వరానికీ, అజీర్ణానికీ, పిల్లల మొండితనానికీ ఒకే మందుగా వాడేవారు. ఆ మాటే పట్టుకుని పాలు ఆపాను, నీళ్లు కూడా ఆపాను. జాజికాయ అరగదీసి నాలుకకు రాసి, తడిగుడ్డతో పెదవులు తుడుస్తూ కూర్చున్నాను. వాడు దాహంతో ఆ గుడ్డను చీకుతుంటే లాగేసుకున్నాను. నలభై ఏళ్లు దాటినా ఆ గుడ్డ నా చేతిలో బిగుసుకున్న తీరు ఇంకా తెలుస్తూనే ఉన్నది.

ఆ రోజంతా వాడు ఏడ్చాడు. రెండో రోజు ఉదయం ఏడుపు తగ్గింది, విరేచనాలూ తగ్గాయి. పడుకోబెడితే పడుకున్నాడు. నయమవుతున్నదని అనుకుని, రెండు రోజులుగా నిలిచిపోయిన బట్టలు నానబెట్టాను, చూశావా! ఏడుపుకు నీళ్లు రావడం లేదని, గుడ్డలు తడిసి చాలాసేపు అయిందని, మాడు గుంట పడిందని నా కళ్లు చూడలేదు. బిడ్డ ఊరుకున్నాడంటే సుఖంగా ఉన్నాడని అనుకున్నాను. ఏడవడానికి కూడా ఓపిక లేక ఊరుకున్నాడు.

పాలు పోసే ఆమె వచ్చి, పాలు వద్దన్నానని వింతపడి, లోపలికి తొంగి చూసింది. చెంబు కింద పెట్టి, వాడి పొట్ట మీది చర్మం రెండు వేళ్లతో పట్టి వదిలింది. ఆ మడత వెంటనే దిగలేదు, తడిపిండి మీద గిల్లినట్టు అలాగే నిలిచింది. పారుడు పట్టిన దూడకు వాళ్లు అలాగే చూస్తారట. "టీచరుగోరూ, పారుతున్న దూడక్కూడా నీళ్లు ఆపమండి" అన్నది. కోప్పడలేదు, వెక్కిరించలేదు. నా పొయ్యి మీద ఉన్న అన్నం గంజి వార్చి, చిటికెడు ఉప్పు వేసి, చల్లార్చి, గూట్లోని ఉగ్గుగిన్నె తీసి వాడి పెదవి చివర ఆనించింది.

కాకినాడ తీసుకుపోవడానికి రిక్షాలో ఎదుర్లంక రేవుకు బయలుదేరాము. ఆమె పాలచెంబు మా ఇంట్లోనే వదిలేసి మాతో వచ్చింది. అప్పటికి గోదావరి మీద అక్కడ వంతెన లేదు, జనాన్ని ఏరు దాటించే పంటు మీదే యానాం చేరాలి. మేము చేరేసరికి పంటు అప్పుడే కదిలింది. అది అవతలి ఒడ్డుకు పోయి తిరిగి వచ్చేదాకా, ఆ ఎండలో, నా ఒళ్లో వాణ్ణి పెట్టుకుని నేను దేవుళ్లకు మొక్కుతున్నాను, ఆమె చుక్క చుక్కగా గంజి పోస్తున్నది. రెండుసార్లు కక్కాడు. నేను చాలు అన్నాను. ఆమె కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టింది. ఆసుపత్రిలో తలకు సూది గుచ్చి సెలైను ఎక్కించారు, మూడు రోజులు ఉంచారు. దారిలో పోసిన గంజే వీణ్ణి ఇక్కడిదాకా తెచ్చిందని డాక్టరుగారు అన్నారు. ఆ ఇరవైనాలుగు గంటల్లో ఏమి పెట్టారని అడిగితే నేను నిజం చెప్పాను. ఆయన నా ఉద్యోగం ఏమిటని అడిగితే మాత్రం అబద్ధం చెప్పాను.

జూన్‌లో బళ్లు తెరిచాక తొమ్మిదో తరగతికి ద్రవాభిసరణం పాఠం వచ్చింది. నల్లబల్ల మీద బొమ్మ వేసి, సుద్దముక్క పట్టుకుని నిలబడిపోయాను. ఉప్పు, చక్కెర కలిసి పేగు గోడలోకి పోతూ నీటిని వెంట తీసుకుపోతాయని, విరేచనాలు అవుతున్నా ఆ దారి మూసుకుపోదని తరువాత తెలుసుకున్నాను. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులు కలరాతో పడిపోతున్నప్పుడు, సెలైను సీసాలు చాలక, డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు పశ్చిమ బెంగాలులోని బన్‌గావ్‌లో ఈ ఉప్పు, చక్కెర నీళ్లే తాగించి వేలమందిని బతికించారు. 2023లో, ఆయన పోయిన తరువాత, పద్మవిభూషణ్ ప్రకటించినప్పుడు పేపరులో చదివి లెక్క వేసుకున్నాను. నేను గుడ్డ లాక్కున్న నాటికి ఆ సంగతి లోకానికి తెలిసి పదేళ్లు. పాలామెకు పేపరు చదవడం రాదు, అయినా ఆమెకు తెలుసు.

క్రెష్‌లో పదిమంది పిల్లల మధ్య ఉన్నప్పుడు చంటిదానికి ఎప్పుడో ఒకప్పుడు విరేచనాలు రాక తప్పవు. విరేచనాలు తెచ్చే రోటా వైరస్‌కు టీకా చుక్కలు వేయించావు కనుక కొంత రక్ష ఉన్నది, పూర్తిగా కాదు. ఓఆర్ఎస్ పొట్లాలు ఇంట్లో నాలుగు, క్రెష్ సంచిలో రెండు ఉంచు. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి, కొంచెం పొడి గ్లాసులో వేసుకోవడం పనికిరాదు. కలిపింది ఒక రోజు దాటితే పారబోయి. విరేచనం అయిన ప్రతిసారీ పావు గ్లాసు నుంచి అర గ్లాసు, చెంచాతో. కక్కితే పది నిమిషాలు ఆగి ఇంకా నెమ్మదిగా పట్టు. పొట్లం లేని వేళ లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో తలగొట్టిన ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు; ఉప్పు ఒక్క రవ్వ కూడా ఎక్కువ కాకూడదు. డాక్టరు జింకు రాస్తే, విరేచనాలు రెండో రోజుకే కట్టినా పద్నాలుగు రోజులూ వెయ్యాలి. నీ పాలు, ఉగ్గు ఆపవద్దు. మలంలో రక్తం కనబడినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, కళ్లు గుంటలు పడినా, తాగలేక మత్తుగా ఉన్నా నాకు ఫోను చెయ్యకు, ఆసుపత్రికి వెళ్లు, అక్కడి నుంచి చెయ్యి.

దుకాణంలో అట్టపెట్టెల్లో రంగురంగులుగా దొరికే తియ్యనీళ్లను ఓఆర్ఎస్ అనుకుని కొనకు. వాటి మీద ఆ పేరు రాయకూడదని మీ హైదరాబాదులోని పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు తీసివేయమని ఆదేశించింది. ఆమెను టీవీలో చూసినప్పుడు నాకు మా పాలామె గుర్తుకు వచ్చింది.

ఇప్పుడు నీ దగ్గరకు వస్తాను. బిడ్డను పస్తు పెట్టినందుకు నాకు నేను వేసుకున్న శిక్ష ఏమిటో తెలుసా? ఆ తరువాత ఏడాదిపాటు అందరూ తిన్నాక, మిగిలితే తిన్నాను. చాలా పుణ్యం చేస్తున్నాననుకున్నాను. మీ చిన్నన్నయ్య కడుపున పడేసరికి మెట్లు ఎక్కితే ఆయాసం, కళ్ల ముందు చీకట్లు, రక్తం లేదన్నారు. ఒక లంఖణాన్ని ఇంకో లంఖణంతో కడగబోయాను. నువ్వు తెలివైనదానివే, కానీ తెలివికీ ఈ పనికీ సంబంధం లేదని ఇప్పుడు నీకు అర్థమై ఉంటుంది. మీ ఊళ్లోనే తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం, ఏడో నెల నుంచి ఏడాది నిండేదాకా పాలిచ్చే తల్లికి రోజుకు మరో 520 కేలరీలు కావాలి. నువ్వు కలపవలసిన చోట తీసివేస్తున్నావు. కాన్పు ఒళ్లు తొమ్మిది నెలల్లో వచ్చింది, పోవడానికి అన్ని నెలలైనా దానికి గడువు ఇవ్వు.

పొద్దున్న పిల్లల పెట్టెలు సర్దకముందే నీ పళ్లెం పెట్టుకో. రాత్రి పెరుగు వేసి తోడుపెట్టిన చద్దన్నం, ఉల్లిపాయ చాలు, ఐదు నిమిషాల పని. కాన్పు అయ్యాక ఆరు నెలలు వేసుకోమన్న ఐరను మాత్రలు ఎన్ని మిగిలాయో చూసుకుని డాక్టరుతో చెప్పు. వేసుకునేటప్పుడు కాఫీతో కాదు, నిమ్మరసం నీళ్లతో. కాల్షియం మాత్ర వేరే పూట. పెద్దవాడు వదిలిన ముద్దలతో కడుపు నింపుకోకు, అది భోజనం కాదు, గిన్నె కడగడం.

కోప్పడ్డానని మీ అమ్మకు చెప్పకు, అది నా మీద కోప్పడుతుంది. వీధి చివరి కుర్రాడు రేపు రాత్రి బస్సుకు హైదరాబాదు వస్తున్నాడు. వాడి చేతికి ఉగ్గురవ్వ రెండు కిలోలు, నీడన ఎండబెట్టిన మునగాకు పొడి, పాత గుడ్డలో చుట్టిన వెండి ఉగ్గుగిన్నె ఇచ్చి పంపుతున్నాను. మీ పెద్దన్నయ్య ఆ గిన్నె తన పిల్లలకు అడిగినా ఇవ్వలేదు, నా కళ్ల ముందు ఉండనీ అన్నాను. దాని కొమ్ములో జిడ్డు నిలుస్తుంది, వాడిన ప్రతిసారీ సన్నని బ్రష్షుతో తోమి నీళ్లలో మరిగించు. ఎల్లుండి నుంచి నువ్వు పొద్దున్న ఎన్ని గంటలకు, ఏమి తిన్నావో నా ఫోనుకు ఒక ముక్క పెట్టు. తొమ్మిది దాటితే నేనే చేస్తాను, నువ్వు మీటింగులో ఉన్నా సరే.

ఇట్లు,
మీ పెద్దమ్మ