“అంటుకుంటుంది” అన్నావు సరే, ఎలా?

తమ్ముడూ,

చెరువు నీళ్లలో ఉండే వర్టిసెల్లా అనే ఏకకణ జీవి మీద నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మూడో పేరాలో “వర్టిసెల్లా తన వృంతము ద్వారా ఆధారతలమునకు అసంజనము చెందును” అని, అంటే కాడతో దేనికో ఒకదానికి అంటుకుంటుందని రాసి, బస్సు వెళ్లిపోతున్నట్టు పక్క పేరాలోకి దూకేశావు. పాఠ్యపుస్తకం భాష సంగతి అలా ఉంచు, అసలు కథంతా ఆ ఒక్క వాక్యంలోనే ఉంది కదయ్యా!

చూసి రాశావా, చదివి రాశావా? చూడకపోతే ఈ ఆదివారం చెరువులోంచి గుర్రపుడెక్క వేరు ఒకటి తెచ్చి, గీరి, ఒక చుక్క స్లైడు మీద వెయ్యి. మైక్రోస్కోపులో వంద రెట్లు పెద్దగా కనిపిస్తే చాలు. సన్నటి కాడ, దాని చివర నోరు పైకి పెట్టిన గంట. అంచున నూగు గిరగిరా ఆడుతూ నీళ్లలో సుడి లేపుతుంది. అందులో పడ్డ బాక్టీరియాయే దాని తిండి. ఇప్పుడు స్లైడు పక్కన గోరుతో తట్టు. కాడ స్ప్రింగులా చుట్టుకుపోతుంది. కొన్ని మిల్లీసెకన్ల పని. ముడుచుకోవడం నీకు కనిపించదు, ముడుచుకున్నాకే కనిపిస్తుంది. కాడ లోపల కాల్షియం తగిలితే ముడుచుకునే పోగు ఒకటి ఉంటుంది. విప్పుకోవడం మాత్రం తాపీగా, ఏమీ జరగనట్టు.

సూక్ష్మజీవులను తొలిసారి చూసిన డచ్చివాడు లీవెన్‌హుక్ 1676లో లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘం రాయల్ సొసైటీకి రాసిన ఉత్తరంలో ఇదే వర్ణించాడు. తోక ఏ పోగుకో చిక్కుకుని, విడిపించుకోవడానికి గింజుకుంటున్నాయనుకున్నాడు పాపం. నిజానికి అది చిక్కుకోవడం కాదు, కాపురం పెట్టడం.

ఎలాగంటే, కణం రెండుగా చీలినప్పుడు ఒకటి పాత కాడ మీదే ఉండిపోతుంది. రెండోదానికి కాడ ఉండదు. నడుము కింద కొత్తగా ఒక నూగు వలయం మొలిపించుకుని ఈదుకుంటూ పోతుంది. దీన్ని టెలోట్రాక్ అంటారు. నచ్చిన చోటు దొరికితే అడుగుభాగం ఆనిస్తుంది. అక్కడ ‘స్కోపులా’ అనే భాగం ఉంటుంది. లాటిన్‌లో ఆ మాటకు చిన్న చీపురు అని అర్థం. అది జిగురు వదిలి పట్టు చిక్కించుకున్నాక, అక్కడి నుంచే కాడ తయారవుతుంది. మొక్కలా నేలలోంచి కాదు, గంట కింది నుంచి. ఈత నూగు ఇక అక్కర్లేదు, పోతుంది. నీ వ్యాసంలో ఈ ఈత ముక్కే లేదు!

నేనూ తప్పు రాసినవాణ్నే. దీని చుట్టం జూతామ్నియం రొయ్యల మొప్పలకు పట్టి “రక్తం పీలుస్తుంది” అని ఒకసారి రాసేశాను. భీమవరం వైపు రైతు ఒకాయన ఫోన్ చేసి, “పీల్చదు సార్, కూర్చుంటుందంతే. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోతే అప్పుడు మాకు టెన్షన్” అన్నాడు. ఆయన చెప్పిందే రైటు. దాని తిండి నీళ్లలోని బాక్టీరియా, రొయ్య దానికి అరుగు మాత్రమే. కాకపోతే మొప్పల నిండా పరుచుకుంటే రొయ్యకు ఊపిరాడదు. గుల్ల విడిస్తే దాని మీదున్న కాడలూ గుల్లతోపాటే పోతాయి. అరుగు పోయిందని గంట ఊరుకోదు. చోటు బాగాలేనప్పుడు కాడను వదిలేసి మళ్లీ ఈత నూగు మొలిపించుకోవడం వీటికి తెలుసు.

మూడో పేరా మళ్లీ రాసి పంపు. గోరుతో తట్టాక అది పూర్తిగా విప్పుకోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో, వాచీ చూసి అదీ రాయి.

ఇట్లు,
మీ అన్నయ్య