ఉబుంటు కంప్యూటరు, పాత ఫోను: ఏ మెసెంజర్ సరిపోతుంది?

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ని. ఇంట్లో ఉబుంటు అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన కంప్యూటరు, చేతిలో పాత ఆండ్రాయిడ్ ఫోను ఉన్నాయి. డాలస్‌లో ఉంటున్న మా అమ్మాయిది ఐఫోను. మా నాన్నగారు స్వహస్తాలతో రాసుకున్న పద్యాల నోటుపుస్తకాలను స్కాన్ చేసి ఆమెకు పంపాలనీ, వీలైనంతవరకు కంప్యూటరు ముందు కూర్చునే మాట్లాడుకోవాలనీ నా కోరిక. వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ మూడింటిలో నాకు ఏది అనుకూలం?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మీరు పంపిన సందేశం ఎక్కడ నిలవ ఉంటుందో ముందుగా చూడండి మాస్టారూ. ఈ మూడింటిలోని సౌకర్యాలు, చిక్కులు చాలావరకు అక్కడినుంచే పుడతాయి.

టెలిగ్రామ్‌లో మామూలు సంభాషణలన్నీ ఆ సంస్థ సర్వర్లలో ఉంటాయి. అందుకే ఉబుంటులో ఆ సంస్థ ఇచ్చే అప్లికేషన్ వేసుకుని లాగిన్ అయిన మరుక్షణం పాత సందేశాలన్నీ కనిపిస్తాయి. ఆ తరువాత ఫోను ఆపేసి ఉన్నా పని ఆగదు. డబ్బు కట్టకుండానే ఒక్కొక్కటి 2 జీబీ వరకు ఉన్న ఫైళ్లు పంపవచ్చు. అయితే ఈ సంభాషణలకు పంపినవారు, అందుకున్నవారు తప్ప మరెవరూ చదవలేని ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉండదు. అది కావాలంటే ‘సీక్రెట్ చాట్’ విడిగా తెరవాలి. ఆ చాట్ తెరిచిన ఫోనుకే పరిమితమవుతుంది, ఉబుంటు అప్లికేషన్‌లో ఆ సదుపాయమే లేదు. అంటే మీరు ఎక్కువగా వాడదలచుకున్న యంత్రంలోనే ఆ రక్షణ మీకు దొరకదు.

వాట్సాప్‌లో 2016 నుంచి వ్యక్తిగత సంభాషణలన్నింటికీ ఈ ఎన్‌క్రిప్షన్ ఉంది. ఫోనులో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి, కంప్యూటరు తెర మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే రెండూ జతపడతాయి. అలా నాలుగు పరికరాల దాకా జతచేయవచ్చు. ఫోనులో ఇంటర్నెట్ లేకపోయినా కంప్యూటరులో మాట్లాడుకోవచ్చు గానీ, 14 రోజులపాటు ఫోనులో వాట్సాప్ తెరవకపోతే జత తెగిపోతుంది. ఉబుంటుకు ఆ సంస్థ విడి అప్లికేషన్ ఇవ్వలేదు కాబట్టి ఫైర్‌ఫాక్స్ లేదా క్రోమ్‌లో వాట్సాప్ వెబ్ తెరుచుకోవలసిందే. ఉబుంటు యాప్ సెంటర్‌లో వాట్సాప్ పేరుతో కనిపించేవి ఇతరులు తయారుచేసినవి. ఆ వెబ్ పేజీనే వేరే కిటికీలో చూపిస్తాయి. ముక్కూమొహం తెలియనివారి ప్రోగ్రాములో మీ ఖాతా తెరవవద్దని గట్టిగా చెబుతున్నాను. మీ ఫోను మరీ పాతదైతే ఒక సంగతి చూసుకోండి: 2025 జనవరి నుంచి ఆండ్రాయిడ్ 5.0 కంటే పాత ఫోన్లలో వాట్సాప్ పనిచేయడం లేదు.

సిగ్నల్‌ను లాభాపేక్ష లేని సంస్థ నడుపుతోంది. అన్ని సందేశాలకూ, కాల్స్‌కూ ఎన్‌క్రిప్షన్ ఉంటుంది. ఉబుంటుకు ఆ సంస్థ స్వయంగా అప్లికేషన్ ఇస్తుంది, దానిలోంచే వీడియో కాల్ కూడా చేయవచ్చు. మొదట ఫోను నంబరుతో ఖాతా తెరిచి, తరువాత కంప్యూటరును జతచేసుకోవాలి. వెబ్ పేజీలో వాడుకునే వీలు మాత్రం లేదు. మన బంధువుల్లో దీన్ని వాడేవారు తక్కువే. మీరు మాట్లాడవలసింది అమ్మాయి ఒక్కరితోనే కాబట్టి మీకు అది అడ్డంకి కాదు. నా ఓటు దీనికే. మిగతా చుట్టాల కోసం వాట్సాప్‌ను ఎలాగూ ఉంచుకుంటారు.

స్కాన్ల గురించి ఒక జాగ్రత్త. పేజీని ఫొటోగా పంపితే ఈ ప్రోగ్రాములు పరిమాణం తగ్గించడానికి దాన్ని కుదిస్తాయి. వెలిసిపోయిన సిరాలో ఉన్నది అరసున్నో, కాగితం మీది మరకో తేల్చుకోవడం అప్పుడు అసాధ్యమవుతుంది. ఒక్కో నోటుపుస్తకాన్ని పీడీఎఫ్‌గా చేసి ఫైలుగానే పంపండి. వాట్సాప్‌లో అయితే ‘ఫొటోలు’ కాకుండా ‘డాక్యుమెంట్’ ఎంచుకోండి. పుస్తకం మరీ పెద్దదైతే దానికి మాత్రం టెలిగ్రామ్ వాడుకోవచ్చు. ఏది వాడినా, అసలు స్కాన్లను వేరే హార్డ్ డిస్కులో కూడా దాచండి. సిగ్నల్ సంభాషణలు మీ పరికరాల్లోనే ఉంటాయి కాబట్టి, బ్యాకప్ లేకుండా అవి పాడైతే అందులోవన్నీ పోతాయి.

ప్రశ్న: ఒకప్పుడు పిడ్జిన్ అనే చాటింగ్ ప్రోగ్రాములో యాహూ, గూగుల్ టాక్ మిత్రులందరూ ఒకే జాబితాలో కనిపించేవారు. ఇప్పుడు అలాంటిది లేదా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: పిడ్జిన్ ఇప్పటికీ ఉందండీ, వెళ్లిపోయినవి ఆ సేవలే. యాహూ మెసెంజర్ 2018 జులై 17న ఆగిపోయింది. 2005లో వచ్చిన గూగుల్ టాక్, ఎవరైనా అమలుచేసుకోగల ఎక్స్ఎంపీపీ అనే బహిరంగ ప్రమాణం మీద నడిచింది కనుక పిడ్జిన్ దానితో సులువుగా కలిసిపోయేది. నేటి ప్రధాన మెసెంజర్లు అలా తలుపులు తెరిచి ఉంచలేదు. ఐరోపా సమాఖ్య తన డిజిటల్ మార్కెట్ల చట్టం ద్వారా, ఇతర మెసెంజర్లు కోరితే వాటితో సందేశాలు ఇచ్చిపుచ్చుకునే వీలు కల్పించాలని వాట్సాప్‌ను ఆదేశించింది. ఆ చట్టం మన దేశానికి వర్తించదు. మీ మిత్రులు ఎక్స్ఎంపీపీ ఖాతాలు తెరవడానికి సిద్ధపడితే, మళ్లీ ఆ పాత జాబితాలోనే అందరినీ చూసుకోవచ్చు.