మౌస్ మీ చేతిలోనే ఉండాలి

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. పన్నెండేళ్లుగా ఇంట్లోనే చీరలు తెచ్చి వాయిదాల మీద అమ్ముతున్నాను. ఎవరికి ఏం ఇచ్చానో, ఎవరి నుంచి ఎంత రావాలో లాంగ్ నోటు పుస్తకాలలో రాసుకుంటాను. అవి ఇప్పటికి తొమ్మిదయ్యాయి. ఎవరైనా వచ్చి ‘వదినా, నా బాకీ ఎంత?’ అని అడిగితే మూడు పుస్తకాలు తిరగేయవలసి వస్తోంది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్‌ను నాకు ఇచ్చి, ఎక్సెల్ నేర్చుకోమన్నాడు. కాని వాడు చూపించేటప్పుడు నా చూపు నిలవనంత వేగంగా చేసేస్తాడు. రెండోసారి అడిగితే ‘ఇప్పుడే కదమ్మా చెప్పాను’ అంటాడు. ఊళ్లో ఒక శిక్షణ కేంద్రంలో చేరితే, ఇంటర్ పిల్లల మధ్య కూర్చోబెట్టి కంప్యూటర్ తరాల గురించి నోట్సు రాయించారు. రెండు వారాలకే మానేశాను. కిరాణా దుకాణం నడిపే మా వారు ‘ఈ వయసులో నీకు అవసరమా?’ అంటున్నారు. పైగా తప్పు మీట నొక్కితే అంతా పోతుందేమోనన్న భయం ఒకటి. ఎక్కడి నుంచి మొదలుపెట్టమంటారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ తొమ్మిదో నోటు పుస్తకం నుంచే మొదలుపెట్టండి. శిక్షణ కేంద్రంలో మీకు విసుగు పుట్టడానికి కారణం మీ వయసు కాదు. అక్కడ నేర్పినదానితో మీకు పని లేకపోవడం. పన్నెండేళ్లుగా గీతలు గీసి, తేదీ ఒకచోట, పేరు ఒకచోట, మొత్తం ఒకచోట రాస్తున్న మీకు ఎక్సెల్‌లో ముఖ్యమైన సగం వచ్చినట్లే. మిగిలిన సగం చేతికి అలవాటు కావలసినది.

పై వరుసలో ఐదు శీర్షికలు చాలు: తేదీ, పేరు, వివరం, ఇచ్చిన చీర ధర, జమ. చీర ఇచ్చిన రోజున ఒక వరుస, డబ్బు అందిన ప్రతిసారీ మరొక వరుస రాయండి. పాత వరుసను దిద్ది బాకీ తగ్గించే పని మాత్రం ఎన్నడూ పెట్టుకోవద్దు. అలా చేస్తే ‘ఆ వెయ్యి నేను సంక్రాంతికే ఇచ్చాను కదా’ అని ఎవరైనా అన్నప్పుడు చూపించడానికి మీ దగ్గర ఏమీ మిగలదు. శీర్షికల మీద ఫిల్టర్ పెట్టుకుని ఒక పేరు ఎంచుకుంటే ఆమె వరుసలు మాత్రమే కనిపిస్తాయి. అప్పుడు ధరల గడులను మౌస్‌తో ఎంపిక చేస్తే, తెర అడుగున ఉన్న పట్టీలో వాటి మొత్తం దానంతటదే వస్తుంది. జమ గడులను ఎంపిక చేస్తే ఆ మొత్తం వస్తుంది. ఈ రెంటి తేడాయే బాకీ. సూత్రాలు రాయడం ఆ తర్వాత, మీకే విసుగు పుట్టి ‘ఇది కూడా అదే చేస్తే బాగుండును’ అనిపించినప్పుడు నేర్చుకోవచ్చు.

కొత్తవారు ఎక్కువగా పొరబడేది ఒకచోట ఉంది. ధర గడిలో మనం కాగితం మీద రాసే అలవాటు కొద్దీ ‘1200 రూ.’ అని రాస్తాం. ఎక్సెల్ దానిని అంకెగా కాక మాటగా తీసుకుని, మొత్తం వేసేటప్పుడు చెప్పాపెట్టకుండా వదిలేస్తుంది. లెక్క తప్పిందని తెలియడానికి నెల పట్టవచ్చు. దీనిని కనిపెట్టే ఉపాయం తేలికైనదే. ఎంటర్ నొక్కగానే అంకె గడిలో కుడి అంచుకు జరుగుతుంది, మాట ఎడమ అంచున ఉండిపోతుంది. తేదీలకూ ఇదే పరీక్ష. కొన్ని ల్యాప్‌టాప్‌లలో తేదీల పద్ధతి అమెరికా వారిదై ఉంటుంది. అటువంటి దానిలో ఆగస్టు 5 అనుకుని 5/8 కొడితే మే 8 అవుతుంది. 25/8 కొడితే ఇరవై అయిదో నెల లేదు కాబట్టి అది మాటగా మిగిలి ఎడమవైపే నిలబడుతుంది. ల్యాప్‌టాప్ సెట్టింగులలో ప్రాంతాన్ని ఇండియాగా మార్చమని మీ అబ్బాయికి చెప్పండి. ఇది ఒక్కసారి చేస్తే సరిపోయే పని. ఇక పేర్లు. ‘అనురాధ’, ‘అనూరాధ’ మీకు ఒక మనిషే అయినా ఎక్సెల్‌కు ఇద్దరు. వీధిలో ముగ్గురు లక్ష్ములు ఉంటే ‘లక్ష్మి టీచరు’, ‘లక్ష్మి మేడమీద’ అని మీరు నోటితో ఎలా గుర్తుపడతారో అలాగే రాయండి. ఎక్సెల్ 2007 నుంచి ఒక్కొక్క షీటులో 10,48,576 వరుసలు ఉంటున్నాయి కాబట్టి చోటు చాలదన్న బెంగ లేదు. మీ బాకీలు అంతవరకూ వెళ్లకూడదనే కోరుకుందాం. ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ లేకపోతే లిబ్రాఫీస్‌లోని క్యాల్క్ ఉచితంగా దొరుకుతుంది, మీ పనికి అది చాలు.

తప్పు మీట సంగతికి వద్దాం. కంట్రోల్ మీటను పట్టుకుని జడ్ నొక్కితే చివర చేసిన పని రద్దవుతుంది. మళ్లీ నొక్కితే దాని ముందుది. మొదటి రోజున మీరు చేయవలసిన అభ్యాసం ఇదే: కావాలని ఒక వరుస చెరిపేయండి, కంట్రోల్ జడ్‌తో వెనక్కి తెచ్చుకోండి, ఇలా పదిసార్లు చేయండి. మీ వేళ్ల వల్ల పోయేదానికన్నా పాత ల్యాప్‌టాప్ ఒకనాడు తెరుచుకోక పోయేదే ఎక్కువ. ప్రతి శనివారం ఫైలును ఆ నాటి తేదీతో పెన్‌డ్రైవ్‌లోకి ఒక ప్రతి తీసి బీరువాలో పెట్టండి. నేను ఈ పాఠాన్ని, సేవ్ చేయని పద్దెనిమిది పేజీల వ్యాసాన్ని కరెంటు కోతకు సమర్పించుకుని నేర్చుకున్నాను.

మీ అబ్బాయి విషయంలో ఒక నియమం పెట్టండి: వాడు నోటితో చెప్పాలి, మౌస్ మాత్రం మీ చేతిలో ఉండాలి. చేయి తిరగాలంటే ఆ చేయి కదలాలి కదా. వాడు చేతులు కట్టుకుని కూర్చోవలసి వస్తే వేగం దానంతటదే తగ్గుతుంది, ఎందుకంటే వేళ్లకు అలవాటైన పనిని మాటల్లో చెప్పడానికి వాడూ ఒక క్షణం ఆలోచించుకోవాలి. వాడు చెప్పిన ప్రతి పనినీ మీ సొంత మాటల్లో కాగితం మీద రాసుకోండి. ‘పైన గరాటు బొమ్మ నొక్కాలి’ అని మీరు రాసుకున్నది మీకు గుర్తున్నంతగా ‘ఫిల్టర్’ అన్న మాట గుర్తుండదు. వారం పొడవునా వచ్చిన సందేహాలు అదే పుస్తకంలో చేర్చి ఆదివారం ఒకేసారి అడిగితే, ఆఫీసు వేళలో ఫోను వచ్చిందన్న చిరాకు వాడికీ ఉండదు.

మీ వారికి కోపం తెప్పించకుండా ఒక్కటి గుర్తుచేయండి. యూపీఐ వచ్చింది 2016లో. దుకాణంలో ఇవాళ ఫోను చూపిస్తూ డబ్బు తీసుకోవడాన్ని ఆయన ఏ వయసులో నేర్చుకున్నారు?

ఒక్క జాగ్రత్త: మూడు నెలల పాటు నోటు పుస్తకాన్ని మానకండి. రెండింటా రాస్తూ నెలాఖరున రెండు మొత్తాలూ సరిచూసుకోండి. పాత ఎనిమిది పుస్తకాలనూ ఎక్కించే పని అసలు పెట్టుకోవద్దు. బాకీ మిగిలి ఉన్నవారి మొత్తాలను మాత్రం ‘పాత బాకీ’ అని ఒక్కొక్క వరుసగా రాస్తే చాలు.

ప్రశ్న: నేను పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయుణ్ణి, వయసు 64. మా ఊరి చరిత్రను రాసి డీటీపీ చేయించాను. ఆ ఫైలును మా మనవడి కంప్యూటరులో తెరిస్తే తెలుగుకు బదులు ఆంగ్లాక్షరాలూ ఏవేవో గుర్తులూ కనిపిస్తున్నాయి. ఇకపై నేనే టైపు చేసుకుందామంటే, మనవడు ఆంగ్లంలో కొట్టి తెలుగు రప్పించే పద్ధతి చూపిస్తున్నాడు; అది నాకు మింగుడు పడడం లేదు.
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: మీ ఫైలు పాడవలేదు. డీటీపీ వారు చాలాకాలంగా వాడుతున్న ఫాంట్లలో తెలుగు అక్షరాల రూపాలను ఆంగ్లాక్షరాల స్థానాలలో కూర్చి పెట్టారు. ఆ ఫాంటు లేని కంప్యూటరులో ముసుగు తొలగి ఆంగ్లాక్షరాలే కనిపిస్తాయి. ప్రపంచ భాషల అక్షరాలకు సంఖ్యలు కేటాయించే ఉమ్మడి పద్ధతి యూనికోడ్. అందులో ప్రతి తెలుగు అక్షరానికీ సొంత సంఖ్య ఉంటుంది. 1991లో వెలువడిన దాని తొలి సంచికలోనే తెలుగుకు చోటు దక్కింది. డీటీపీ వారిని యూనికోడ్‌లోకి మార్చి ఇవ్వమని అడగండి, అయితే మార్చిన ప్రతిలో ఒత్తులను ఒకటికి రెండుసార్లు చూసుకోండి, పొరపాట్లు ఎక్కువగా దొర్లేది అక్కడే.

టైపు విషయంలో నేను మీ మనవడి పక్షం కాదు. విండోస్‌లో తెలుగు భాషను చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వస్తుంది. భారతీయ భాషలన్నిటికీ ఒకే అమరికగా ప్రభుత్వం నిర్ణయించినది ఇదే. అచ్చులూ గుణింతపు గుర్తులూ ఎడమచేతికి, హల్లులలో ఎక్కువ భాగం కుడిచేతికి వస్తాయి. ‘క’ ఉన్న మీటనే షిఫ్ట్‌తో నొక్కితే ‘ఖ’, ‘ద’ ఉన్నదానిని నొక్కితే ‘ధ’. అల్పప్రాణం కింద, మహాప్రాణం పైన. గుడి ఉన్న మీటను షిఫ్ట్‌తో నొక్కితే ‘ఇ’ వస్తుంది. ‘అమ్మ’ అని రాయాలంటే అ, మ, పొల్లు, మ అని వరుసగా నొక్కాలి. ఒత్తు ఎలా పుడుతుందో నలభై ఏళ్ల పాటు నల్లబల్ల మీద చెప్పిన మీకు ఇందులో కొత్త ఏముంది? ఆంగ్లంలో కొట్టే పద్ధతిలో ల, ళ తేడాకూ త, ట తేడాకూ ఏది పెద్ద అక్షరమో, ఏది చిన్న అక్షరమో గుర్తుపెట్టుకోవాలి. అది రోజంతా ఆంగ్లంలో కొట్టేవారికి సులువే, విండోస్ 10లో కూడా 2019 నుంచి అటువంటి కీబోర్డు ఉంది. మీకు మాత్రం మొదటి పది రోజులు నెమ్మదిగా సాగినా ఇన్‌స్క్రిప్టే నయం. అమరికను ఒక అట్ట మీద ముద్రించి తెర పక్కన పెట్టుకోండి. ఎఫ్, జె మీటల మీద వేలికి తగిలే చిన్న గీత ఉంటుంది; చూపుడువేళ్లు అక్కడ ఆనించి కూర్చోవడం మొదటి రోజు నుంచే అలవాటు చేసుకోండి.

ప్రశ్న: నేను డాలస్‌లో ఉంటాను. విజయవాడలో ఉన్న 71 ఏళ్ల మా నాన్నగారికి వీడియో కాల్‌లో కంప్యూటర్ నేర్పుతున్నాను. ఆయన అన్నిటినీ రెండుసార్లు నొక్కుతారు, ఒక్కోసారి రెండుసార్లు నొక్కినా ఫైలు తెరుచుకోదు. ఎంత చెప్పినా మారడం లేదు.
– ఒక పాఠకుడు

జవాబు: ఆయనకు మొదట నేర్పినది రెండు నొక్కులే కాబట్టి అన్నిటికీ అదే వాడుతున్నారు. ‘డెస్క్‌టాప్ మీది బొమ్మలకు రెండు, వెబ్ పేజీలో దేనికైనా ఒకటే’ అని ఒక చీటీ రాసి తెర అంచున అంటించమనండి. బిల్లు కట్టే పేజీలో రెండు నొక్కులు పడితే డబ్బు రెండుసార్లు పోయే ప్రమాదం ఉందని కూడా చెప్పండి. ఫైలు తెరుచుకోకపోవడం వేరే విషయం: రెండు నొక్కుల మధ్య ఎడం ఎక్కువైతే విండోస్ వాటిని వేర్వేరు నొక్కులుగా లెక్కిస్తుంది, పెద్దవారి వేళ్లకు ఆ వేగం అందదు. మౌస్ సెట్టింగులలో డబుల్ క్లిక్ వేగాన్ని తగ్గించండి, బాణం గుర్తును పెద్దది చేయండి. ఆయనది ఎడమచేతి వాటమైతే కుడి, ఎడమ మీటలను మార్చుకునే వీలు కూడా అక్కడే ఉంది.