మోటార్‌హోమ్ వెనక ఏ కారు కట్టాలి?

అమెరికాలో మోటార్‌హోమ్ (ఇల్లులా అమర్చిన పెద్ద బండి) కొనుక్కున్న మన కుటుంబాలు చాలావరకు చేసే పొరపాటు ఒకటుంది. ఇంట్లో ఉన్న కామ్రీయో, ఒడిస్సీయో, టెస్లాయో వెనక తగిలించేస్తే సరిపోతుందనుకోవడం. నాలుగు చక్రాలూ నేల మీదే దొర్లుతూ వచ్చే పద్ధతికి, అంటే ఫ్లాట్ టోకి, ఆటోమేటిక్ కామ్రీ పనికిరాదు, ఒడిస్సీ పనికిరాదు, టెస్లా అసలే పనికిరాదు.

ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్‌ని తిప్పే పంపు ఇంజిన్‌తో నడుస్తుంది. ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో లాక్కెళ్తే చక్రాలతోపాటు లోపలి షాఫ్టులు తిరుగుతాయి, పంపు మాత్రం తిరగదు. ఆయిల్ అందని భాగాలు వేడెక్కి మాడిపోతాయి. ముందు బండిలో కూర్చున్నవాళ్లకు వాసన కూడా తగలదు. టెస్లాలో అయితే చక్రం తిరిగితే మోటారూ తిరిగి కరెంటు పుట్టిస్తుంది. అందుకే నాలుగు చక్రాలూ పైకెత్తే తీసుకెళ్లమని కంపెనీయే చెబుతుంది.

జీప్ రాంగ్లర్‌కి ఇంత పేరు రావడానికి కారణం దాని ట్రాన్స్‌ఫర్ కేసులో, అంటే ఇంజిన్ శక్తిని ముందు, వెనక చక్రాలకు పంచే పెట్టెలో ఉన్న న్యూట్రల్. అది వేస్తే చక్రాలకూ గేర్‌బాక్సుకూ సంబంధం తెగిపోతుంది. గ్రాండ్ చెరోకీలో అన్నీ పనికిరావు, అలాంటి న్యూట్రల్ ఉన్నవే చూసుకోవాలి. పాత కారు కొనేటప్పుడు సంవత్సరం మరీ ముఖ్యం. 2014 హోండా సీఆర్‌వీని ఫ్లాట్ టో చేయొచ్చు, సీవీటీ (విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచే) గేర్‌బాక్సు వచ్చిన 2015ది చేయకూడదు. అమ్మేవాడి మాట నమ్మకండి. ఆ సంవత్సరం ఓనర్స్ మాన్యువల్లో మోటార్‌హోమ్ వెనక కట్టడం గురించిన పేజీ తెరిచి మీరే చదవండి.

ఇక బరువు. మోటార్‌హోమ్ వెనక కొక్కెం (హిచ్) మీద 5,000 పౌండ్లని రాసి ఉన్నంత మాత్రాన అంతా లాగొచ్చని కాదు. బండి ఒక్కదాని గరిష్ఠ బరువు 22,000, వెనక కారుతో కలిపి 26,000 అని ఉందనుకోండి. సామానుతో, మనుషులతో మీ బండి నిండుగా 22,000కి చేరితే కారుకి మిగిలేది 4,000. నాలుగు తలుపుల రాంగ్లర్ దాన్ని దాటేస్తుంది. గాలన్ నీళ్లే 8.3 పౌండ్లు, 50 గాలన్ల ట్యాంకు నింపితే 400 పైమాటే. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలు, బియ్యం బస్తా, కుక్కర్లు అన్నీ ఎక్కించాక ట్రక్ స్టాపులో క్యాట్ స్కేలు (బండ్లు తూచే కాటా) మీద తూచండి.

కారు ముందు భాగంలో ఫ్రేముకి బిగించే బేస్ ప్లేటు ఆ మోడలుకి, ఆ సంవత్సరానికి సరిపోయేదే కావాలి. తర్వాత ఆ ప్లేటునీ కొక్కేన్నీ కలిపే టో బార్, రెండు సేఫ్టీ కేబుళ్లు, వెనక లైట్ల వైరింగు, కారు బ్రేకు వేసే పరికరం, కారు ఊడిపోతే దానంతటదే బ్రేకు పడే బ్రేక్‌అవే స్విచ్చు. బిగింపు కూలీతో కలిపి 3,000 నుంచి 5,000 డాలర్లు అనుకోండి. బేస్ ప్లేటుకీ కొక్కేనికీ ఎత్తులో తేడా మూడు నాలుగు అంగుళాలు మించితే ఎత్తు సరిచేసే డ్రాప్ హిచ్ పెట్టాలి. లేకపోతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు కారు ముందు బండి కిందికి దూరడమో, పైకి ఎక్కడమో జరుగుతుంది.

బ్రేకు పరికరం దగ్గర మాత్రం పొదుపు చేయకండి. ఏ బరువు నుంచి తప్పనిసరి అనేది రాష్ట్రానికో రకంగా ఉంటుంది, కానీ నాలుగు వేల పౌండ్లు వెనక నుంచి నెడుతుంటే చట్టంతో పనేముంది? వెనక కారులో డ్రైవర్ సీటు ముందు పెట్టి పెడల్ నొక్కించే పెట్టె రకం కొంటే, అమర్చే ముందు ఇంజిన్ ఆపి పెడల్‌ని నాలుగైదు సార్లు తొక్కాలి. పెడల్ నొక్కుడికి బలం చేర్చే బూస్టర్లో వ్యాక్యూమ్ మిగిలితే చిన్న నొక్కుడికే చక్రాలు బిగుసుకుంటాయి. పెడల్ పూర్తిగా వెనక్కి రాకపోతే దారంతా బ్రేకు రాసుకుంటూ వస్తుంది. కారు బ్రేకు పడినప్పుడు మోటార్‌హోమ్ డ్రైవరుకి కనిపించే సిగ్నల్ దీపం ఉన్న రకమే తీసుకోండి.

రాంగ్లర్‌లో ట్రాన్స్‌ఫర్ కేసు న్యూట్రల్‌లో పెట్టాక ఇంజిన్ స్టార్ట్ చేసి, రివర్స్ వేసి, బ్రేకు మీంచి అయిదు సెకన్లు కాలు తీయండి. డ్రైవ్‌లోనూ అలాగే చూడండి. కారు కదిలితే న్యూట్రల్ సరిగా పడలేదన్నమాట. కదలకపోతే ఇంజిన్ ఆపి, ఆటోమేటిక్ అయితే గేరు పార్క్‌లో ఉంచాలి. టో బార్ తగిలించేదాకా హ్యాండ్ బ్రేకు వేసి ఉంచి, తగిలించాక తీయండి. అది మరిచిపోతే టైర్లు, బ్రేకులు కాలిపోతాయి. 2014 సీఆర్‌వీ పద్ధతి వేరు. గేర్లన్నీ ఒకసారి మార్చి, డ్రైవ్‌లో అయిదు సెకన్లు ఉంచి, న్యూట్రల్‌కి తెచ్చి మూడు నిమిషాలు ఇంజిన్ నడపాలి. రోజులో ఎనిమిది గంటలు దాటి వెళ్తే మళ్లీ చేయాలి. ఇంజిన్ ఆపాక తాళం యాక్సెసరీ స్థానంలో ఉంటుంది కాబట్టి సాయంత్రానికి బ్యాటరీ దిగిపోతుంది. మోటార్‌హోమ్ నుంచి ఒక చార్జింగ్ వైరు లాగించుకోండి.

కారు తగిలి ఉండగా రివర్స్ చేయకండి, పది అడుగులైనా సరే. ముందు చక్రాలు ఒక పక్కకి తిరిగిపోయి టో బార్ వంగుతుంది. పెట్రోలు బంకులో ఇరుక్కుంటే విప్పి, విడిగా తిప్పుకోవాలి. కాలిఫోర్నియాలో ఏది లాగుతున్నా గంటకు 55 మైళ్లు దాటకూడదు.

వెనక కారు టైరు పంక్చరైనా స్టీరింగులో మీకు తెలియదు, రిమ్ము రోడ్డుకి రాసుకునేదాకా. నాలుగు టైర్లకీ ప్రెషర్ సెన్సర్లు బిగించండి. బయల్దేరిన పది పదిహేను మైళ్లకి ఆగి, ప్రతి చక్రం దగ్గరా అరచెయ్యి పెట్టి చూడండి. ఒకటి మిగతావాటికంటే వేడిగా ఉంటే బ్రేకు పట్టుకున్నట్టే. దాని సంగతి చూశాకే కదలండి.