పచ్చళ్ళ డబ్బు దాచాలా, చూపాలా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాం, గ్రీన్ కార్డు ఉంది. నేను, మా ఆవిడ, ఇద్దరు చిన్నపిల్లలు. వేర్‌హౌస్‌లో నాకు గంటకు 19 డాలర్లు, జీతం రెండు వారాలకోసారి. తక్కువ ఆదాయం వాళ్ళకిచ్చే టాక్స్ క్రెడిట్ అపార్ట్‌మెంట్‌కి వెయిటింగ్ లిస్టులో మా వంతు వచ్చింది. అద్దె 1,290 డాలర్లు. నలుగురికి ఏడాది ఆదాయం 58,000 దాటకూడదట, అద్దెకు మూడు రెట్లు మాత్రం ఉండాలట. మా ఆవిడ పోయిన నవంబరు నుంచి పచ్చళ్ళు చేసి అమ్ముతోంది. నెలకు 900 దాకా వస్తుంది, కొంత జెల్‌లో (ఫోన్లో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే పద్ధతి), కొంత కాష్. టాక్సుల్లో చూపలేదు. ఇక్కడా చూపకపోతే ఏమవుతుంది? ఊళ్ళో నా పేర ఎకరం పొలం ఉంది, అదీ చెప్పాలా? అమ్మానాన్నలకి నెలనెలా పంపే 300 తీసేసి లెక్క చూపొచ్చా?

జవాబు: చివరిది ముందు చెప్పేస్తాను. 300 తీసెయ్యడం కుదరదు. వాళ్ళు చూసేది గ్రాస్, అంటే టాక్సు, ఇన్సూరెన్సు కోతలకు ముందు అంకె. జీతం చేతికొచ్చాక ఎవరికి పంపారన్నది ఈ లెక్కలోకి రాదు.

ఇక మీ జీతం. గంటకు 19 చొప్పున ఏడాదికి 2,080 గంటలు వేస్తే 39,520. ఫారంలో ఇదే రాసేసి చాలామంది ఇబ్బంది పడతారు, ఎందుకంటే ఓవర్‌టైమ్ కూడా లెక్కలోకి వస్తుంది. పేస్టబ్ (జీతం చీటీ) అడుగున ‘ఇయర్ టు డేట్’ అని, ఏడాది మొదటి నుంచి వచ్చిన మొత్తం చూపే ఒక గడి ఉంటుంది, లీజింగ్ ఆఫీసువాళ్ళ (ఇళ్ళు అద్దెకిచ్చేవాళ్ళ) కన్ను ముందు పడేది దానిమీదే. ఉదాహరణకు 13 జీతాలకు అక్కడ 21,450 ఉందనుకోండి. ఒక్కో జీతానికి 1,650, దాన్ని 26తో గుణిస్తే 42,900. వాళ్ళకు కావలసింది రాబోయే 12 నెలల అంచనా కాబట్టి, జీతం పెరుగుతుందని కంపెనీ ఇప్పటికే చెప్పి ఉంటే అదీ కలుపుతారు.

ఇప్పుడు పచ్చళ్ళు. మీరు భయపడుతున్నది 58,000 దాటుతుందేమోనని. కానీ రెండో షరతు మర్చిపోయారు. 1,290కి మూడు రెట్లంటే నెలకు 3,870, ఏడాదికి 46,440. మీ జీతం ఒక్కటే చూపిస్తే 42,900 దగ్గర ఆగిపోతారు. అంటే మీరు దాచాలనుకుంటున్న డబ్బే మీకు ఇల్లు ఇప్పించే డబ్బు!

పైగా 900 మొత్తం ఆదాయం కాదు. మామిడికాయలు, నూనె, కారం, సీసాలు, పోస్టేజీ పోగా మిగిలిందే లెక్క. ఖర్చు 350 అనుకుంటే నెలకు 550, ఏడాదికి 6,600. మీ జీతంతో కలిపి 49,500. 46,440 పైన, 58,000 కింద. మీకింతకంటే అనువైన చోటు ఏముంటుంది?

అయితే నోటిమాట చాలదు. మీ ఆవిడ దగ్గర ఆర్డర్లు రాసుకునే పుస్తకం ఉండే ఉంటుంది. నెలవారీగా రాబడి ఒకవైపు, ఖర్చు ఇంకోవైపు రాయించి, రసీదులు జతచేసి సంతకం పెట్టించండి. బ్యాంకు స్టేట్‌మెంట్లో ‘గోంగూర 2 కేజీలు’ అని జెల్‌లో వచ్చిన ప్రతి జమా ఆ పుస్తకంలో కనబడాలి. మీ బావమరిది ఫోను బిల్లులో తన వాటా పంపాడనుకోండి, అది ఆదాయం కాదు. కానీ నెలనెలా ఒకే మొత్తం పడుతుంటే అడుగుతారు, కాబట్టి ఆ బిల్లు కాపీ దగ్గర పెట్టుకోండి. నిజంగానే ఎవరైనా నెలనెలా సాయం చేస్తుంటే మాత్రం అది ఆదాయమే.

టాక్సుల సంగతి నాకు నచ్చలేదు, దాచకుండా చెబుతున్నాను. సొంత పనిమీద ఏడాదికి నికరంగా 400 డాలర్లు వస్తే ఫైల్ చెయ్యాల్సిందే. నవంబరు, డిసెంబరు కలిపి మీకు 1,100. పాత రిటర్న్‌ను 1040-ఎక్స్ అనే సవరణ ఫారంతో సవరించి, సొంత వ్యాపారం లాభనష్టాలు చూపే షెడ్యూల్ సి జతచెయ్యండి. దానిమీద సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్సు (సొంత పని ఆదాయంమీద పడేది) సుమారు 155 డాలర్లు. ఆ 155 కోసమా ఇంత గుబులు? ఇంట్లో వండి అమ్మడానికి మీ రాష్ట్రం ఏం అనుమతులు అడుగుతుందో కూడా పనిలో పనిగా చూసుకోండి. పచ్చళ్ళ విషయంలో కొన్ని రాష్ట్రాలు కాస్త పట్టుగానే ఉంటాయి.

దాచి దొరికితే? అపార్ట్‌మెంట్ దరఖాస్తు ఫారం మీద మీరిద్దరూ అబద్ధమైతే శిక్షకు ఒప్పుకుంటున్నామని సంతకం పెడతారు. ఆ ఫైళ్ళను తర్వాత రాష్ట్ర హౌసింగ్ ఏజెన్సీ తనిఖీ చేస్తుంది. పిల్లల్ని బడిలో వేశాక ఇల్లు ఖాళీ చెయ్యమంటే ఎటు వెళ్తారు?

పొలం చెప్పాలి, విదేశంలో ఉన్నా ఆస్తి ఆస్తే. కౌలు మీకు వస్తుంటే అది ఆదాయం. నాన్నగారే సాగుచేసుకుని తింటుంటే మీకు రాబడి సున్నా, విలువ మాత్రం రాయాలి. 2024 నుంచి అమల్లోకి వచ్చిన ఫెడరల్ నిబంధనల్లో కుటుంబం మొత్తం ఆస్తి ఒక పరిమితి (2024లో 50,000 డాలర్లు) దాటితేనే, రాబడి తేలని ఆస్తికి ఊహించిన ఆదాయం లెక్కగడతారు. ఆ అంకెను ఏటా ద్రవ్యోల్బణాన్ని బట్టి సవరిస్తారు. అన్ని అపార్ట్‌మెంట్లూ కొత్త పద్ధతికి ఒకేసారి మారలేదు, మీ మేనేజర్ ఏది వాడుతున్నారో అడగండి.

కాగితాలకు గడువుంది. సాధారణంగా 120 రోజులు దాటినవి పనికిరావు. పేస్టబ్‌లు వరసగా ఉండాలి, మధ్యలో ఒక్కటి లేకపోయినా ఫైలు వెనక్కి వస్తుంది. ఫోనులో తీసిన స్క్రీన్‌షాట్లు వద్దు, పేరు, తేదీలు కనబడే పీడీఎఫ్ దించుకోండి. ఉద్యోగ ధ్రువీకరణ ఫారం లీజింగ్ ఆఫీసే మీ కంపెనీకి నేరుగా పంపుతుంది. దాన్ని మీరు చేత్తో పట్టుకెళ్ళి నింపించుకు రావడం కుదరదు. మీ హెచ్ఆర్‌కు ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి, ఆలస్యం ఎక్కువగా అక్కడే జరుగుతుంది.

మీరు అడగకపోయినా ఒకటి చెబుతాను. చేరాక మీ ఆవిడ వ్యాపారం పెరిగి ఆదాయం 58,000 దాటినా, ఆ ఒక్క కారణంతో ఈ పథకం మిమ్మల్ని ఖాళీ చేయించదు. పరిమితిలో 140 శాతం దాటినప్పుడు కూడా, ఆ తర్వాత ఖాళీ అయ్యే ఇంటిని అర్హులకే ఇవ్వాల్సిన బాధ్యత యజమానిది. అద్దె కూడా మీ జీతాన్ని బట్టి పెరగదు, ఆ ప్రాంతానికి ఏటా ప్రకటించే పరిమితిని బట్టి మారుతుంది.