టెక్ సందేహాలు: ప్రోగ్రామ్ రెండో మానిటర్‌లోనే తెరుచుకోవాలంటే?

ప్రశ్న: గాజువాకలో మాది క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసు. పోర్టు నుంచి వెళ్లే సరుకుకు షిప్పింగ్ బిల్లులు తయారుచేస్తాం. ల్యాప్‌టాప్‌కి 24 అంగుళాల మానిటర్ తగిలించాను. ఇన్‌వాయిస్ ఉన్న ఎక్సెల్ ఫైలు మానిటర్‌లో, బిల్లు నింపే ప్రోగ్రామ్ ల్యాప్‌టాప్‌లో ఉంటే పని తేలిక. కానీ ఎక్సెల్ ఎప్పుడు తెరిచినా ల్యాప్‌టాప్‌లోనే వస్తోంది. రోజూ మౌస్‌తో లాగలేక విసుగొస్తోంది.

జవాబు: ఒక్క మాట అడుగుతాను. సాయంత్రం ఇంటికి బయల్దేరేటప్పుడు ముందు కేబుల్ పీకి, ఆ తర్వాత ఎక్సెల్ మూస్తున్నారా? చాలా ఆఫీసుల్లో జరిగేది ఇదే. ఫలానా ప్రోగ్రామ్ ఫలానా మానిటర్‌లోనే తెరుచుకోవాలని చెప్పే సెట్టింగ్ విండోస్‌లో లేదు. చాలా ప్రోగ్రామ్‌లు తమ విండో కిందటిసారి ఎక్కడ మూతపడిందో గుర్తుపెట్టుకుని మళ్లీ అక్కడికే వస్తాయి. కేబుల్ తీయగానే విండోలన్నీ ల్యాప్‌టాప్ మీదికి చేరతాయి. అక్కడ మూస్తే, మర్నాడు అక్కడే తెరుచుకుంటాయి.

కాబట్టి ఎక్సెల్‌ని మానిటర్‌లోకి తెచ్చి, అక్కడే పెద్దది చేసి, అక్కడే మూయండి. కేబుల్ సంగతి ఆ తర్వాత. రెండు మూడు ఫైళ్లు తెరిచి ఉంటే చివర మూసేది మానిటర్‌లో ఉన్నదై ఉండాలి. ఎక్సెల్ 2013 నుంచి ప్రతి ఫైలూ విడి విండోలో వస్తుంది కాబట్టి రెండు ఫైళ్లను రెండు తెరల మీద పరుచుకోవచ్చు. 2010 వెర్షన్‌లో అన్నీ ఒకే విండోలో ఇరుక్కుంటాయి. మీరింకా దాన్నే వాడుతుంటే మార్చేయండి, మీ పనికి ఆ ఖర్చు దండగ కాదు.

విండోను లాగడానికి మౌస్ కూడా అక్కర్లేదు. విండోస్ కీ, షిఫ్ట్ పట్టుకుని కుడి లేదా ఎడమ బాణం నొక్కితే విండో పక్క తెర మీదికి వెళ్లిపోతుంది. ఎంత చెప్పినా చోటు గుర్తుపెట్టుకోని మొండి ప్రోగ్రామ్‌లు కొన్ని ఉంటాయి. వాటికి మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ వేసుకోండి. అందులోని ఫ్యాన్సీజోన్స్‌తో తెరను జోన్‌లుగా, అంటే భాగాలుగా, విడగొట్టుకోవచ్చు. కొత్త విండోలను అవి చివరిసారి ఉన్న జోన్‌లోకే పంపే ఆప్షన్ కూడా అందులో ఉంది. డబ్బు పెట్టి సాఫ్ట్‌వేర్ కొనే ముందు దీన్ని చూడండి.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తుంది, మానిటర్ ఆరిపోతుంది. విండోస్ దాన్ని కేబుల్ తీసినట్టే లెక్కేసి విండోలన్నీ ల్యాప్‌టాప్‌లో కుప్ప పోయొచ్చు. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, డిస్‌ప్లే, మల్టిపుల్ డిస్‌ప్లేస్‌లోకి వెళ్తే, మానిటర్ కనెక్షన్‌ని బట్టి విండోల చోటు గుర్తుంచుకోమనే టిక్ ఉంటుంది. అది ఉంటే కరెంటు రాగానే విండోలు తిరిగి తమ చోటికి వెళ్తాయి. మానిటర్‌ని కూడా యూపీఎస్‌కి కలిపితే ఈ బెడదే ఉండదు. మధ్యలో తెర మారిపోయి ఒక అంకె తప్పు పడితే బిల్లు సవరణకు ఎంత తిరగాలో మీకు నేను చెప్పక్కర్లేదు.

ప్రశ్న: ఇంట్లో టీవీకి తగిలించి చూసిన ప్రోగ్రామ్ ఇప్పుడు తెరిస్తే కింద టాస్క్‌బార్‌లో పేరు కనిపిస్తోంది, విండో మాత్రం కనబడదు. - అక్కయ్యపాలెం

జవాబు: అది ఇప్పుడు లేని తెర మీద తెరుచుకుని కూర్చుంది. టాస్క్‌బార్‌లో దాని మీద ఒకసారి క్లిక్ చేసి, పైన చెప్పిన బాణం కీలు నొక్కండి. రాకపోతే ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి వదిలి, ఎం కొట్టండి. తర్వాత ఏదైనా ఒక బాణం కీ నొక్కి మౌస్ కదిపితే విండో దాన్ని అంటుకుని వచ్చేస్తుంది. ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, అవసరం లేదు.

ప్రశ్న: నేను రుషికొండ దగ్గర ఇంజినీరింగ్ చదువుతున్నాను. ఫోన్ ఛార్జర్ టైప్-సి కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని మానిటర్‌కి కలిపితే బొమ్మ రావడం లేదు. మానిటర్ పోయిందా?

జవాబు: పోలేదనే నా నమ్మకం బాబూ. ఫోన్‌తో వచ్చే కేబుళ్లలో చాలావాటికి ఛార్జింగ్, మామూలు డేటా తప్ప వీడియో మోసే తీగలు ఉండవు. పైగా అన్ని టైప్-సి పోర్టులూ వీడియో పంపలేవు. పోర్టు పక్కన మెరుపు గుర్తుగానీ, డి, పి అక్షరాలు కలిసిన డిస్‌ప్లేపోర్ట్ గుర్తుగానీ ఉందేమో చూడు. గుర్తు లేకపోయినా పంపే మోడళ్లున్నాయి కాబట్టి కంపెనీ సైట్‌లో నీ మోడల్ వివరాలు చదువు. ల్యాప్‌టాప్‌కి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంటే మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్ కొనుక్కో, అదే చవక. బొమ్మ వచ్చాక విండోస్ కీ, పి కలిపి నొక్కి ఎక్స్‌టెండ్ ఎంచుకో. డూప్లికేట్‌లో ఉంచితే రెండు తెరల్లోనూ ఒకటే కనిపిస్తుంది.

ప్రశ్న: మానిటర్‌లోకి లాగితే పాత ప్రోగ్రామ్ అక్షరాలు మసకబారుతున్నాయి. - మధురవాడ

జవాబు: అక్షరాలు, బొమ్మలు తెర మీద ఎంత పెద్దగా కనిపించాలో చెప్పే సెట్టింగే స్కేలింగ్. అది ల్యాప్‌టాప్‌లో 125 లేదా 150 శాతం, మానిటర్‌లో 100 శాతం ఉంటే పాత ప్రోగ్రామ్‌లు సర్దుకోలేవు. ముందు రెండింటికీ ఒకే స్కేలింగ్ పెట్టి చూడండి. అది ఇబ్బందిగా ఉంటే షార్ట్‌కట్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, ఛేంజ్ హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లండి. కింద ఓవర్‌రైడ్‌కి టిక్ పెట్టి సిస్టమ్ ఎన్‌హాన్స్‌డ్ ఎంచుకుని, ప్రోగ్రామ్ మూసి మళ్లీ తెరవండి.