సమాధానం: జర్మన్ "ఐజెన్" మన "అయస్సు" నుంచి వచ్చిందా?

మీ ప్రశ్న రెండు ముక్కల్లో: జర్మన్‌లో ఇనుముని "ఐజెన్" అంటారు, సంస్కృతంలో "అయస్సు", రెండూ ఒకటేనా? "ఐస్"తో చుట్టరికం ఉందా?

ఐస్ సంగతి ముందు తేల్చేద్దాం: లేదు. అది వేరే మాట.

అయస్సు విషయంలో మీరు ఒక ఇల్లు తప్పి పక్కింటి తలుపు తట్టారు, అంతే. అయస్సుకి అసలైన బంధువు జర్మన్‌కి చుట్టమైన ప్రాచీన భాష గోథిక్‌లోని "ఐజ్", లాటిన్‌లోని "ఐస్" (మంచుతో సంబంధం లేదండోయ్, ఇది కంచు, రాగి). 4వ శతాబ్దపు గోథిక్ బైబిల్లో మార్కు సువార్త చూడండి. శిష్యులు నడికట్టులో డబ్బు పెట్టుకోవద్దన్నచోట (6:8) "ఐజ్", అంటే రాగి నాణేలు. దయ్యం పట్టినవాడి కాళ్లకు వేసిన సంకెళ్ల దగ్గర (5:4) మాత్రం "ఈసార్న్", అంటే ఇనుము. ఒకే పుస్తకంలో రెండు లోహాలకు రెండు మాటలు.

జర్మన్ "ఐజెన్" ఈ "ఈసార్న్"కే తోబుట్టువు. ఈ మాట కెల్టిక్ భాషల (పూర్వం మధ్య, పశ్చిమ ఐరోపాలో ఉన్న కెల్టుల భాషల) నుంచి తెచ్చుకున్నదని ఎక్కువమంది పండితుల మాట. నేటి ఫ్రాన్స్ ప్రాంతపు పాత కెల్టిక్ భాష గాలిష్‌లో "ఇసార్నో", ప్రాచీన ఐరిష్‌లో "ఈయర్న్", వెల్ష్‌లో "హైయర్న్". ఇనుప పనిలో కెల్టులు ముందున్నారు. సరుకుతోపాటే పేరూ వచ్చిందన్నమాట. మనకి రైలు, బస్సు వచ్చినట్టే. పాత ఇంగ్లిష్‌లో "ఈసెర్న్", "ఈసెన్", "ఈరెన్" మూడూ చెలామణీ అయ్యాయి. చివరిదే నేటి "ఐరన్". ఆ కెల్టిక్ మాట మూలం మీద మాత్రం ఇంకా తగువే: "రక్తం" అని కొందరు, "బలమైనది" అని కొందరు. నాకు రెండోదే నచ్చుతుంది.